పాట ఎవరిది? – ఆన్‌లైన్ వ్యాయామ శిక్షకులకు ఒక మనవి

శ్రమ ఉన్నచోట పాట పుట్టింది. నాట్లు వేసే మడిలోను, దంపుడు రోటి వద్దను, తిరగలి ముందును మన పెద్దలు పాడుకొన్న పాటలన్నీ ఒంటి అలసటను మరపించడానికి వెలసినవే. ఆ పాటలను కట్టినవారెవరో ఎవరికీ తెలియదు. కనుక వాటిని పాడుకొనడానికి ఎవరి అనుమతీ కోరవలసిన అవసరం రాలేదు. ఈనాడు శ్రమ రూపు మారింది. కూర్చుండి చేసే ఉద్యోగాలు పెరిగిన కొద్దీ ఒంటికి శ్రమను కల్పించుకొనడమే ఒక విద్య అయినది. ఆ విద్యను నేర్పేవారు ఏర్పడ్డారు. వారికీ పాట తోడు కావలసి వచ్చింది. అయితే ఈ పాటకు కర్త ఉన్నాడు, యజమాని ఉన్నాడు, వెనుక చట్టం ఉన్నది. ఈ భేదాన్ని గుర్తింపక మన యువతీయువకులు కొందరు చిక్కులలో పడుతున్నారు. అందుచేతనే ఈ విషయాన్ని వార్షిక సంచికలో చర్చింపదలచినాము.

మా కళాశాలలో బి.కాం. చదివి వెళ్ళిన పూర్వ విద్యార్థిని ఒకరు 2020 నాటి లాక్‌డౌన్ తరువాత ఇంటి నుంచే స్త్రీలకు ఆన్‌లైన్‌లో వ్యాయామం నేర్పసాగింది. జిమ్‌లకు వెళ్ళడానికి వీలు చిక్కని గృహిణులు, కాన్పు తరువాత ఒళ్ళు బరువెక్కిన తల్లులు, గల్ఫ్ దేశాలలో ఉన్న మన ఆడపడుచులు ఆమె వద్ద చేరారు. నెలకు కొద్దిపాటి రుసుము. ఆ రుసుముతోనే తమ్ముని చదువు సాగింది. పాఠాలను రికార్డు చేసి ఒక వీడియో వేదిక మీద ఉంచేది. వెనుక సినిమా పాటలు, ఖవ్వాలీలు వినిపించేవి. ఒకనాటి ఉదయం చూసేసరికి నలభైకి పైగా పాఠాలు మూగబోయినవి. బొమ్మ కదులుతున్నది, శబ్దం లేదు. పాటతోపాటు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టే ఆమె గొంతు కూడా పోయింది. చేరినవారు ఒక్కొక్కరే తప్పుకొన్నారు. ఆమె మా వద్దకు వచ్చి, "సార్, నెలనెలా డబ్బు కట్టి వింటున్న పాటలే గదా! మరి నేను ఎవరి సొమ్ము తీసుకున్నట్లు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానం చెప్పలేకపోయాము. పిమ్మట చదివాము, విచారించాము. ఈ వ్యాసం ఆమెకు మా ఆలస్యపు సమాధానం.

ఒక సినిమా పాటలో కంటికి కనబడని హక్కులు ఎన్నో ఇమిడి ఉన్నవి. మాటలు ఒకరివి, బాణీ మరొకరిది, గొంతు వేరొకరిది. వాటినన్నిటినీ చేర్చి ముద్రించిన రికార్డు ఒక సంస్థది. 1957 నాటి మన కాపీరైటు చట్టం సాహిత్యాన్ని, సంగీతాన్ని, శబ్ద ముద్రణను వేర్వేరు కృతులుగా పరిగణిస్తున్నది. కనుక ఒక పాటకు ఒక అనుమతి చాలదు. మాటలకు, బాణీకి కలిపి ఒకటి, రికార్డుకు మరొకటి కావలసి ఉంటుంది. నెల చందా కట్టినవారు కొన్నది వినే అవకాశమే గాని, పదిమందికి వినిపించి సంపాదించే హక్కు కాదు. పుస్తకం కొన్నవాడు చదువుకొనవచ్చును, స్నేహితునికి ఎరువియ్యవచ్చును. అచ్చు వేసి అమ్ముకొనరాదు గదా! ఇదీ అంతే న్యాయం.

మరొక విషయం విద్యార్థులకు వింతగా తోచవచ్చును. చట్టంలో 'సినిమాటోగ్రాఫ్ చిత్రం' అన్న మాటకు ఉన్న అర్థం చాలా విశాలమైనది. దృశ్యాన్ని ముద్రించిన ఏ కృతియైనా అందులోకి వస్తుంది. ఇంటి హాలులో, గోడకు ఆనించిన సెల్‌ఫోన్‌తో తీసిన వ్యాయామ పాఠం కూడా చట్టం దృష్టిలో ఒక చలనచిత్రమే. ఒక సంగీత కృతిని చలనచిత్రంలో చేర్చే అధికారాన్ని 14వ సెక్షను ఆ కృతి హక్కుదారుకే ఇచ్చింది. దీనినే సంగీత వ్యాపారంలో సింక్ లైసెన్సు అంటారు. జిమ్ హాలులో పాట వేసుకొనడానికి తీసుకొన్న లైసెన్సు వేరు, పాటను బొమ్మతో జతపరచే ఈ లైసెన్సు వేరు. మొదటిది ఉన్నది గదా అని రెండవది ఉన్నట్లు భావించడమే అనేకుల పొరపాటు. రికార్డు చేయకుండా ప్రత్యక్షంగా నేర్పినంత మాత్రాన చింత తీరదు. ఎవరైనా చూడగల, వినగల విధంగా కృతిని అందుబాటులో ఉంచితే చాలు, ఎవరూ చూడకపోయినా అది ప్రజలకు చేరవేసినట్లేనని చట్టం నిర్వచించింది. రుసుము చెల్లించిన ఎవరికైనా తలుపు తెరచే తరగతిని ఇంటివారి ముచ్చట అని చెప్పుకొనడం కష్టం.

ఈ చిక్కు పేదవారికే కలిగినది కాదు. అమెరికాలో పెలోటన్ అనే సంస్థ ఇంటిలో త్రొక్కే వ్యాయామ సైకిళ్ళను అమ్మి, వాటి తెర మీద పాఠాలు ప్రసారం చేసి మిక్కిలి ప్రసిద్ధి చెందింది. ఆ సంస్థకు న్యాయవాదులకు కొదువ లేదు, కొన్ని లైసెన్సులు కూడా ఉన్నవి. అయినప్పటికీ తమ పాటలను సింక్ లైసెన్సు లేకుండా వీడియోలలో వాడుకొన్నదని 2019 మార్చిలో సంగీత ప్రచురణకర్తలు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. మొదట కోరిన నష్టపరిహారం 15 కోట్ల డాలర్లకు పైబడినది. తరువాత దానిని 30 కోట్లకు పెంచారు. సంస్థ ఆ పాటలున్న పాఠాలను తొలగించింది. డబ్బు చెల్లించిన చందాదారులు తమకు నచ్చిన పాఠాలు మాయమైనవని వాపోయారు. తుదకు 2020 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. అంత పెద్ద సంస్థయే ఈ భేదం దగ్గర తడబడితే, ఒక పట్టణంలోని మధ్యతరగతి ఆడపిల్ల తడబడడంలో ఆశ్చర్యమేమున్నది?

"ఆ వేదికయే పాటల పెట్టె ఇచ్చింది గదా, దానిలో నుంచి తీసుకొంటే తప్పేమి?" అని కొందరు అడుగుతారు. ఆ పెట్టెలోని పాటలలో అనేకం సొంత ముచ్చటకే గాని వ్యాపారానికి ఉద్దేశించినవి కావు. అమెరికాలో బ్యాంగ్ అనే పానీయం తయారుచేసే సంస్థ టిక్‌టాక్ వీడియోలలో ప్రసిద్ధమైన పాటలు వాడుకొన్నది. ఒక పెద్ద రికార్డు సంస్థ 2021లో దావా వేయగా, 2022లో ఫ్లోరిడాలోని కోర్టు హక్కుల ఉల్లంఘన జరిగినదనే తేల్చింది. రుసుము తీసుకొని నేర్పే శిక్షకుడు తాను వ్యాపారినని అనుకొనకపోవచ్చును. ఒప్పంద పత్రం మాత్రం అతనిని వ్యాపారిగానే చూస్తుంది.

ఇక శిక్ష మాట. తెలిసి చేసిన ఉల్లంఘనకు మన చట్టంలోని 63వ సెక్షను ఆరు నెలల నుంచి మూడేండ్ల వరకు జైలును, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానాను విధించింది. పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరమిదని 2022 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లాభాపేక్ష లేనిచోట శిక్ష తగ్గించే వీలు న్యాయమూర్తికి ఉన్నది. కాని నిజానికి జైలు కంటె ముందు ఎదురయ్యేది యంత్రం విధించే శిక్ష. యూట్యూబు 2007 నుంచి కంటెంట్ ఐడీ అనే పద్ధతిని నడుపుతున్నది. హక్కుదారులు అప్పగించిన పాటల గుర్తులతో ప్రతి వీడియోను యంత్రమే సరిచూస్తుంది. పాట దొరికితే ఆదాయం హక్కుదారుకు మళ్ళవచ్చును, శబ్దం ఆగవచ్చును, వీడియోయే కనబడకుండా పోవచ్చును. హక్కుదారులు స్వయంగా ఫిర్యాదు చేసి తొలగింపజేస్తే అది 'స్ట్రైక్'. తొంబది దినాలలో మూడు స్ట్రైకులు పడితే చానలే మూతపడవచ్చును. ఏండ్ల తరబడి పోగుచేసుకొన్న పాఠాలు, చేరిన విద్యార్థులు, వారి నమ్మకం అన్నీ ఆ తలుపు వెనుకనే ఉండిపోతాయి.

మన మధ్య వ్యాపించిన కొన్ని అపోహలను కూడా ఇక్కడ ప్రస్తావింపక తప్పదు. పది సెకన్లు వాడితే తప్పు లేదంటారు. మన చట్టంలో అట్టి సెకన్ల లెక్క ఏదీ లేదు. క్రింద పాట పేరు, గాయకుని పేరు వ్రాశామంటారు. పేరు చెప్పడం మర్యాద. అనుమతి పొందడం వేరు. పాట వేగం పెంచాము, శ్రుతి మార్చాము గనుక పట్టుబడమంటారు. పట్టుబడకపోవడం హక్కు కలిగి ఉండడం కాదు. పాత పాటలకు ఎవరూ అడగరంటారు. ఇందులో సగం నిజమున్నది గాని, ఆ సగమే మోసం చేస్తుంది. రికార్డుకు హక్కు వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుగా 60 ఏండ్లు. మాటలకు, బాణీకి కర్త జీవితకాలము, ఆపైన 60 ఏండ్లు. 1957లో వచ్చిన 'మాయాబజార్' రికార్డుకు గడువు 2017తో తీరింది. కాని మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో గతించారు కనుక ఆ మాటలకు 2031 చివరి వరకు రక్షణ ఉన్నది. ఘంటసాల గారు 1974లో పరమపదించారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి వరకు. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి కీర్తనలు లోకమంతటివీ. అయినను నిన్న ఒక విద్వాంసుడు పాడి ముద్రించిన కీర్తన రికార్డు లోకానిది కాదు. కీర్తనను మనం పాడుకొనవచ్చును. ఆయన పాడినదానిని ఎత్తుకొనరాదు.

ఇంతవరకు చెప్పినది చట్టం. భయంతో చట్టాన్ని పాటించడం ఒక ఎత్తు, న్యాయమని తోచి పాటించడం మరొక ఎత్తు. 'హక్కు' అన్న మాట మనకు ఉర్దూ ద్వారా వచ్చి తెలుగులో స్థిరపడినది. 'హఖ్' అంటే అక్కడ సత్యమని కూడా అర్థం. ఈ రెండు భాషల సంచికలో ఆ మాటను గుర్తుచేసుకొనడం ఉచితమని మా నమ్మకం. గజల్ చివరి షేరులో కవి తన తఖల్లుసును నేస్తాడు. కీర్తన చివరి చరణంలో వాగ్గేయకారుడు తన ముద్రను ఉంచుతాడు. చట్టాలు లేని కాలంలోనే, ఇది నాది అని చెప్పుకొనే ఆ చిన్న సంతకాన్ని రెండు సంప్రదాయాలూ గౌరవించాయి. నేటి పాటకు అట్టి సంతకం లేదు గనుక దానిని అనాథ అనుకొనడం తగదు.

పాట కట్టినవారికి మన దేశంలో జరిగిన అన్యాయం చిన్నది కాదు. 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, నిర్మాత డబ్బిచ్చి చేయించుకొన్న సినిమా సంగీతానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, నిర్మాతయే యజమాని అయ్యాడు. పాట ఊరూరా మారుమ్రోగుతున్నా, వ్రాసినవాని ఇంటికి ఒక్క రూపాయి చేరకపోయే స్థితి ఏర్పడింది. 2012లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. సినిమా హాలులో చిత్రంతోపాటు వినిపించినప్పుడు తప్ప, ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉండాలని, ఆ హక్కును వారు వదులుకొన్నా చెల్లదని శాసించింది. ఆ సవరణ కోసం రాజ్యసభలో గొంతెత్తినవారిలో ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ గారు ఒకరు. కనుక వ్యాయామ పాఠం వెనుక పాట వాడుకొని చెల్లించని ప్రతి రూపాయీ పెద్ద సంస్థ జేబు నుంచి పోయేదని అనుకొనరాదు. అందులో ఒక వంతు ఏ అద్దె ఇంటిలోనో కూర్చొని మాటలు కూర్చిన మనిషిది.

అయితే మేము ఒక పక్షం మాటలే వినదలచలేదు. నెలకు నాలుగైదు వేలు సంపాదించే శిక్షకురాలు ఎవరి తలుపు తట్టాలి? మాటలకు, బాణీలకు 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. ఉన్నది. రికార్డులకు 1941 నాటి పి.పి.ఎల్. ఉన్నది. ఈ రెంటిలోనూ లేని సంస్థలు తమ లైసెన్సులను తామే ఇచ్చుకొంటాయి. సింక్ లైసెన్సు కావాలంటే మళ్ళీ ఒక్కొక్క హక్కుదారుతో విడివిడిగా మాట్లాడుకొనవలసిందే. ఒక పాట కోసం ఇన్ని గుమ్మాలు ఎక్కగలవారు పెద్ద సంస్థలవారే. అమలు చేయరాని భారాన్ని మోపి, మోయలేనివారిని దొంగలనడం న్యాయం కాదు. చిన్న శిక్షకుల కోసం, నేర్చుకొనేవారి సంఖ్యను బట్టి, ఏడాదికొక స్వల్ప రుసుముతో, పాటకు, రికార్డుకు, వీడియోకు కలిపి ఒకే లైసెన్సు రావలసి ఉన్నది. దాని నిబంధనలు ఇంగ్లీషులో మాత్రమే గాక తెలుగులోను, ఉర్దూలోను ఉండాలి. కాపీరైటు సంఘాలు తమ రేట్లను ప్రకటించాలని చట్టం ఇదివరకే చెప్పింది. వసూలైన సొమ్ము ఏ కవికి ఎంత చేరినదో కూడా సామాన్యునికి అర్థమయ్యేటట్లు ప్రకటిస్తే, చెల్లించేవారికి మనసొప్పుతుంది.

ఆ రోజు వచ్చేలోగా మన విద్యార్థులు చేయగలిగినది లేకపోలేదు. వ్యాపార వినియోగానికి అనుమతించే సంగీత భాండారాలు ఉన్నవి. వాటి షరతులు చదివి, అనుమతి పత్రాన్ని భద్రపరచుకొనాలి. 'రాయల్టీ ఫ్రీ' అంటే ఉచితమని అర్థం కాదు. ఒకసారి చెల్లిస్తే మళ్ళీ మళ్ళీ చెల్లించనవసరం లేదని మాత్రమే. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న పాటలన్నీ కూడా పనికిరావు. కొన్ని వ్యాపారాన్ని నిషేధిస్తాయి. మార్పులను నిషేధించే లైసెన్సు ఉన్నచోట పాటను బొమ్మతో జతపరచడమే మార్పు క్రిందకు వస్తుంది. పాఠం చెప్పే గొంతును, సంగీతాన్ని వేర్వేరుగా రికార్డు చేసి ఉంచుకొంటే, రేపు సంగీతానికి ఆటంకం వచ్చినా పాఠం మిగులుతుంది. నలభై పాఠాలు పోగొట్టుకొన్న మా విద్యార్థినికి ఈ ఒక్క జాగ్రత్త తెలిసి ఉంటే ఎంతో మేలు జరిగి ఉండేది. శిక్షకులు లెక్క మాత్రమే చెప్పి, ఎవరి ఇంటిలో వారు తమకిష్టమైన పాట వేసుకొనే పద్ధతి కూడా ఉన్నది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో చేరినవారు చూస్తున్నప్పుడు అక్కడి చట్టం కూడా తలుపు వద్ద నిలుచుంటుందని మరువరాదు. అమెరికా చట్టం ఒక్కొక్క కృతికి 750 నుంచి 30,000 డాలర్ల వరకు, తెలిసి చేసిన తప్పుకు 1,50,000 డాలర్ల వరకు పరిహారం విధించడానికి అవకాశమిస్తున్నది.

ఒక ఊరట కూడా చెప్పవలసి ఉన్నది. వ్యాయామ భంగిమలకు, ఆసనాల వరుసకు ఎవరూ యజమానులు కారు. ఇరవై ఆరు ఆసనాల క్రమం తనదేనని బిక్రమ్ చౌదరి వాదించగా, 2015లో అమెరికా అప్పీలు న్యాయస్థానం అట్టి క్రమం కాపీరైటుకు లోబడదని తేల్చింది. ఆరోగ్యాన్నిచ్చే విద్య అందరిదీ. కనుక శిక్షకులు ఒకరి నుంచి ఒకరు ఆ విద్యను స్వేచ్ఛగా నేర్చుకొనవచ్చును. పాట ఒక్కటే అడిగి తీసుకొనవలసినది.

ఇక కళాశాల పాలకవర్గం వారికి మా మనవి. తప్పు విద్యార్థులలోనే వెదకడం మనకు తగదు. మన వార్షికోత్సవంలో అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు కూర్చున్న సభలో సినిమా పాట రికార్డు వేసి నృత్యం చేయించడానికి చట్టంలోని 52వ సెక్షను మినహాయింపు ఇచ్చింది. కాని ఆ నృత్యాన్ని వీడియో తీసి అంతర్జాలంలో పెట్టిన క్షణమే ఆ సభ గోడలు కూలిపోతాయి. మినహాయింపు వెంట రాదు. ఏటేటా మనం చేస్తున్నది అదే. మనం నేర్పని పాఠాన్ని మన పూర్వ విద్యార్థిని నేర్చుకొనలేదని ఎట్లా నిందింతుము?

అందుచేత మూడు సూచనలు చేస్తున్నాము. ఒకటి: వాణిజ్య విభాగంలో ఏటా ఒక్క రోజైనా కాపీరైటు గురించి, లైసెన్సు పత్రం చదవడం గురించి ఉపన్యాసం ఏర్పాటు చేయాలి. రెండు: మన కళాశాలలో డోలక్, దప్పు, హార్మోనియం వాయించే విద్యార్థులకు కొదువ లేదు. వారిచేత వ్యాయామానికి అనువైన సొంత బాణీలను కట్టించి, రికార్డు చేయించి, వ్రాతపూర్వకమైన ఒప్పందంతో పూర్వ విద్యార్థులకు స్వల్ప రుసుముపై ఇవ్వవచ్చును. ఆ రుసుములో వాయించినవారికి వాటా ఉండాలి. మూడు: వార్షికోత్సవపు వీడియోలను పరిశీలించి, అనుమతి లేని పాటలున్నవాటిని మనమే తొలగించుకొనాలి. ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. కొంచెం శ్రద్ధ చాలు.

మా పూర్వ విద్యార్థిని ఇప్పుడు మరల నేర్పుతున్నది. వెనుక సినిమా పాట లేదు. తమ్ముడు వాయించిన డోలక్ ఉన్నది. చేరినవారు మునుపటి కంటె తక్కువే. ఆమె అడిగిన ప్రశ్నకు మేమిప్పుడు చెప్పగల సమాధానం ఇది: అమ్మాయీ, నీవు దొంగవు కావు, అయినను ఆ పాట నీది కాదు. దానిని అడిగి తీసుకొనే దారి నీకు ఎవరూ చూపలేదు. ఆ దారి చూపడం చట్టం చేసినవారి బాధ్యత, సంగీత సంఘాల బాధ్యత. అన్నిటికంటె ముందు, నీకు చదువు చెప్పిన మా బాధ్యత.